కళ్లు మూసుకుని చూడాల్సిన సినిమా



ఏనుగులకు బొచ్చు కప్పారు. మామూలు ఏనుగులే, మన దేశపు ఏనుగులే. వాటి వీపుల మీదా పక్కల మీదా పొడుగాటి బొచ్చు పరిచి కట్టారు. కెమెరా ముందు నడిపించారు. ఇవి ఏనుగులు కావు, ఏనాడో మంచుయుగంలో తిరిగిన మామత్‌లు, ఈ అడవిలో ఇంకా బతికే ఉన్నాయి, నమ్మండి అన్నారు.

ఆ సినిమా పేరు 'ది జంగిల్'. 1952లో వచ్చింది. అమెరికాలోని లిప్పర్ట్ పిక్చర్స్ వాళ్లు, సేలంలోని మోడరన్ థియేటర్స్ వాళ్లు కలిసి తీశారు. తమిళంలో 'కాడు' పేరుతో విడుదలైంది. సేలం ఎక్కడ, మన రాయలసీమ ఎక్కడ అనుకోకండి. అప్పటికి సేలం, కడప, కర్నూలు అన్నీ ఒకే మద్రాసు రాష్ట్రం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది ఆ మరుసటి ఏడాది, 1953 అక్టోబరులో.

ఇవాళ మీకు ఒక్క సంగతి చెబుతాను. తక్కువ ఖర్చుతో తీసిన అడవి సినిమాలో అడవిని మనకు చూపించేది కన్ను కాదు, చెవి. ఈ మాట మీరు ఊరికే నమ్మక్కర్లేదు. మీ ఇంట్లోనే పరీక్ష పెట్టి చూసుకోవచ్చు. ఆ పరీక్ష ఎట్లాగో కాసేపట్లో చెబుతాను. ముందు ఈ సినిమాల సంగతి కొంచెం విందాం.

ఆ రోజుల్లో అమెరికా థియేటర్లలో ఒక టికెట్టుకు రెండు సినిమాలు వేసేవాళ్లు. ఒకటి పెద్దది. పేరున్న తారలు, పెద్ద సెట్లు. రెండోది చిన్నది. గంటా పావు లోపే అయిపోతుంది. పెద్ద సినిమాకు వచ్చిన వసూళ్లలో వాటా ఉంటుంది. చిన్న సినిమాకు వాటా లేదు. ఇంత అని అద్దె ముందే ఖాయం. జనం విరగబడి చూసినా అంతే, చూడకపోయినా అంతే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. వచ్చే డబ్బు ముందే తెలిసినప్పుడు నిర్మాత ఏం చేస్తాడు? ఖర్చు తగ్గించుకుంటాడు. ఎంత తగ్గిస్తే అంత మిగులు. బాగా తీస్తే ఎక్కువ వస్తుందన్న ఆశే లేదు. అందుకే ఆ చిన్న సినిమాలను రోజుల లెక్కన చకచకా చుట్టేసేవాళ్లు. రాబర్ట్ లిప్పర్ట్ ఈ లెక్క బాగా తెలిసిన మనిషి. ఆయనకు సొంతంగా థియేటర్లు ఉండేవి. వాటిలో వేసుకోవడానికి సినిమాలు కొనే బదులు తానే తీయడం మొదలుపెట్టాడు.

చిన్న సినిమాకు అడవి మంచి సరుకు. ఎందుకంటే అడవికి మేడలక్కర్లేదు, పట్టుబట్టలక్కర్లేదు. నాలుగు చెట్లు, ఒక వాగు, ఒక టోపీ, ఒక తుపాకి. హీరో ఒకే బట్టల్లో సినిమా అంతా తిరగొచ్చు.

'ది జంగిల్' దర్శకుడు విలియం బెర్క్ ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు. అంతకుముందు 1948లో కొలంబియా సంస్థకు 'జంగిల్ జిమ్' తీశాడు. అందులో హీరో జానీ వైస్‌ముల్లర్. పేరు చెబితే గుర్తుపట్టకపోవచ్చు. టార్జాన్ అంటే పెద్దవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఒలింపిక్స్‌లో ఈతకు అయిదు స్వర్ణ పతకాలు గెలిచిన మనిషి. 1932 నుంచి 1948 దాకా 12 టార్జాన్ సినిమాల్లో వేశాడు. వయసు పైబడి ఒళ్లు వచ్చాక, చొక్కా తొడిగించి జంగిల్ జిమ్ చేశారు. ఆ వరస 1955 దాకా సాగింది. మొత్తం 16 సినిమాలు. అన్నీ అవే చెట్లు, అదే మొసలి, అదే వాగు.

మరి సినిమాకొక కొత్త అడవి ఎక్కడి నుంచి తెస్తారు? తేరు. పాతదాన్నే మళ్లీ వాడతారు. మన ఇళ్లలో పాత చీరలన్నీ పేర్చి బొంత కుట్టేవాళ్లు చూడండి, అదే పని. ఎప్పుడో ఒక పెద్ద సినిమాకు ఆఫ్రికా వెళ్లి తీసిన ఏనుగుల గుంపు, సింహం, నీటిగుర్రం స్టూడియో గదిలో రీళ్లలో ఉంటాయి. వాటిని ముక్కలుగా కోసి కొత్త సినిమాలో అతికిస్తారు. ఒక ముక్కలో హీరో తల తిప్పి చూస్తాడు. రెండో ముక్కలో సింహం. హీరో ఉన్నది కాలిఫోర్నియాలో. సింహం ఉన్నది ఆఫ్రికాలో. మధ్యలో ఏళ్ల తేడా కూడా ఉండొచ్చు. మనం మాత్రం ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారనే అనుకుంటాం.

పెద్ద కంపెనీలు కూడా ఈ పని చేశాయి. ఎం.జి.ఎం. వాళ్లు 'ట్రేడర్ హార్న్' అనే సినిమాకు మనుషుల్ని ఆఫ్రికా పంపి తీయించారు. 1931లో విడుదలైంది. వాడగా మిగిలిపోయిన ఆఫ్రికా ముక్కల్ని మరుసటి ఏడాది మొదటి వైస్‌ముల్లర్ టార్జాన్‌లో వాడుకున్నారు. స్టూడియోలో ఆఫ్రికా ఏనుగులు లేవు. ఉన్నవి మన ఆసియా ఏనుగులు. మన ఏనుగు చెవులు చిన్నవి. ఆఫ్రికా ఏనుగు చెవులు పెద్దవి. దాంతో మన ఏనుగులకు పెద్ద పెద్ద బూటకపు చెవులు తగిలించారు. పాపం ఏనుగు! అక్కడ చెవులు తగిలించారు, ఇక్కడ బొచ్చు కప్పారు.

ఆ రెండు సినిమాలకూ కెమెరా పట్టిన క్లైడ్ డి విన్నా, ఇరవై ఏళ్ల తర్వాత 'ది జంగిల్'కూ కెమెరా పట్టాడు. ఛాయాగ్రహణానికి ఆస్కార్ అందుకున్న మనిషి. అంతటివాడు వచ్చినా ఏనుగు మీద బొచ్చు బొచ్చులాగే కనిపించింది.

ఈ సినిమా కథ చెప్పాలంటే పెద్దగా ఏం లేదు. ఏనుగులు ఊళ్ల మీద పడుతుంటాయి. ఎందుకు పడుతున్నాయో తెలుసుకోవాలని ఒక రాకుమారి అడవికి బయల్దేరుతుంది. మేరీ విండ్సర్ ఆ వేషం వేసింది. అమెరికా వేటగాడుగా రాడ్ కామెరాన్. సీజర్ రొమేరో భారతీయుడి వేషంలో. ఏనుగులు మామత్‌లకు జడిసి పరుగులు తీస్తున్నాయని వేటగాడు అంటాడు. మిగిలినవాళ్లు నమ్మరు. ఇక నడక మొదలవుతుంది. నడుస్తారు, నడుస్తారు, నడుస్తూనే ఉంటారు. మామత్‌లు చివర్లో గానీ కనిపించవు. ఎందుకు చూపించరో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. చూపిస్తే దొరికిపోతారు.

ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ అడవి సినిమాల్లో స్థానిక జనాన్ని చూపించిన తీరు సిగ్గుచేటు. నల్లటి మనుషులు ఈటెలు పట్టుకుని గెంతడమే. తెల్లదొర రావడం, వాళ్లను కాపాడటం. టార్జాన్ కథ రాసిన ఎడ్గర్ రైస్ బరోస్ ఆఫ్రికాలో అడుగుపెట్టనే లేదు. 1912లో పత్రికలో అచ్చయినప్పుడు ఆఫ్రికా అడవిలో పులిని తిప్పాడు. ఆఫ్రికాలో పులులుండవని పాఠకులు చెప్పాక, పుస్తకంలో దాన్ని ఆడసింహంగా మార్చాడు. అడవి తెలియనివాళ్లు అడవి కథ చెబితే ఇట్లాగే ఉంటుంది.

అయినా జనం చూశారు. మనవాళ్లూ చూశారు. ఇంగ్లీషు ముక్క రానివాళ్లూ చూశారు. బొంబాయిలో వాడియా మూవీటోన్ వాళ్లు 1937లోనే 'తూఫానీ టార్జాన్' తీశారు. తెలుగులో చిరంజీవి 1985లో 'అడవి దొంగ' చేశారు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు దిగుడుబావి గట్టు మీంచి దూకుతూ వేసిన కేక మీరు వినే ఉంటారు. ఆ కేక 1932 నాటి సినిమాది. మాటలు అర్థం కాలేదు. బొమ్మ అతుకుల బొమ్మ. మరి మనల్ని పట్టి కూర్చోబెట్టింది ఏమిటి?

సద్దు. అడవి సద్దు.

ఆ కేక సంగతే తీసుకోండి. అది తన గొంతేనని వైస్‌ముల్లర్ చెప్పుకున్నాడు. కాదు, రకరకాల ధ్వనులు కలిపి సౌండు విభాగంలో తయారు చేశామని స్టూడియోవాళ్లు ప్రచారం చేశారు. ఏది నిజమైనా, ఆ కేక వినబడగానే తెర మీద ఏమున్నా సరే, మనకు అడవి కనిపిస్తుంది.

ఇంకో విచిత్రం చెబుతాను. ఆ సినిమాల్లో ఎప్పుడూ ఒక పిట్ట నవ్వినట్టు కూస్తుంటుంది. కోతి అనుకుంటారు కొందరు. అది కూకబర్రా. ఆస్ట్రేలియా పక్షి. మన చెరువుల దగ్గర కనిపించే లకుముకి పిట్టల జాతిదే, కాకపోతే ఒళ్లు పెద్దది. 1930ల నుంచి హాలీవుడ్ వాళ్లు ఆ కూతను ఆఫ్రికా అడవిలో పెట్టారు, దక్షిణ అమెరికా అడవిలో పెట్టారు. ఆ అడవుల్లో ఆ పిట్టే ఉండదు. ఒక్క రికార్డు ఉంటే చాలు. దాన్ని ఎన్ని సినిమాల్లోనైనా వాడుకోవచ్చు. సింహాన్ని మేపాలి, దానికొక మనిషి కావాలి, బోను కావాలి. పిట్ట కూతకు మేత అక్కర్లేదు.

ఇప్పుడు పరీక్ష. జాగ్రత్తగా వినండి. ఈసారి టీవీలోనో, పిల్లల ఫోన్‌లోనో పాత అడవి సినిమా వచ్చినప్పుడు, ముందు రెండు నిమిషాలు సౌండు పూర్తిగా తీసేయండి. బొమ్మ మాత్రం చూడండి. చూస్తుండగానే అతుకులు బయటపడతాయి. హీరో మీద ఎండ ఒక వైపు నుంచి పడుతుంది, సింహం మీద ఇంకో వైపు నుంచి పడుతుంది. ఒక ముక్క తేటగా ఉంటుంది, పక్క ముక్క మసకగా ఉంటుంది. ఏనుగు చెవి ఊగిపోతుంటుంది.

తర్వాత సౌండు పెట్టండి. ఈసారి మీరు కళ్లు మూసుకోండి. రెండు నిమిషాలు. అడవి వచ్చేస్తుంది. చిమ్మచీకటి, వాగు, దూరంగా ఏదో జంతువు. అతుకు ఒక్కటీ దొరకదు.

మళ్లీ చెబుతున్నాను. మొదట సౌండు తీసేసి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. రెండు నిమిషాలు, రెండు నిమిషాలు. పిల్లలతో కూర్చుని చేయండి. వాళ్లకు ఇది ఆటలాగా ఉంటుంది. మోసం ఎక్కడ జరుగుతోందో వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు.

రేడియోలో నాటకాలు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. రేడియోకు బొమ్మే లేదు కదా. చేటలో కొర్రలో జొన్నలో పోసి మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మైకు ముందు అది వాన. మన సీమలో వాన కురిసినా కురవకపోయినా చేటలో మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు కురుస్తుంది! ఎండిన బుడ్డల పొట్టు నేల మీద పోసి తొక్కండి. రాలిన ఆకుల మీద ఎవరో నడిచి వస్తున్నట్టే. కొబ్బరి చిప్పలు రెండు తీసుకుని కొడితే గుర్రం. పల్చటి ఇనుప రేకు పట్టుకుని ఊపితే ఉరుము. మిఠాయి చుట్టిన గరగరలాడే కాగితం నలిపితే మంట. మీ పిల్లల స్కూలు వార్షికోత్సవానికి నాటకం వేస్తున్నారనుకోండి. అడవి బొమ్మ గీసిన తెర కోసం వేలు ఖర్చు పెట్టకండి. నల్లటి తెర కట్టి, దాని వెనక నలుగురు పిల్లల్ని ఈ సామాన్లతో కూర్చోబెట్టండి. ముందువరసలో కూర్చున్న పెద్దలు తల తిప్పి చూస్తారు.

'ది జంగిల్' దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ సినిమాకు సంగీతం ఇచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు జి. రామనాథన్. రెండోవారు ఎస్. దక్షిణామూర్తి. అంటే మన సుసర్ల దక్షిణామూర్తి. కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టిన మనిషి. 'సంతానం', 'నర్తనశాల' పాటల సుసర్లే. హాలీవుడ్ అడవికి, హాలీవుడ్ తారలకు, బొచ్చు ఏనుగులకు ఒక తెలుగువాడు సంగీతం కూర్చారు. మన సినిమా పత్రికలు సుసర్ల గురించి రాసినప్పుడు 'నర్తనశాల' దగ్గరే ఆగిపోతాయి. న్యాయమే. కానీ ఈ చిన్న సంగతి కూడా ఎవరో ఒకరు గుర్తు చేయాలి కదా.

మోడరన్ థియేటర్స్‌కు అమెరికా వాళ్లు కొత్త కాదు. తమిళం రాని ఎల్లిస్ ఆర్. డంగన్ అనే అమెరికన్ అక్కడ 1950లో 'మంత్రికుమారి' తీశాడు. మోడరన్ థియేటర్స్ అధిపతి టి.ఆర్. సుందరం గట్టి లెక్క మనిషి అని పేరు. స్టూడియో ఒక్కచోటే అన్నీ పెట్టుకుని, ఏడాది పొడుగునా సినిమాలు తీశాడు. ఖర్చు తగ్గించాలనుకున్న లిప్పర్ట్‌కు, ఖర్చు తగ్గించడం తెలిసిన సుందరం దొరికాడు. ఏనుగులు, అడవి, పనివాళ్లు, అన్నీ అమెరికా కంటే చవక.

సరే, సేలం కథ అయింది. మన ఊరి అడవి సినిమా సంగతి?

ఉంది. 'చెంచులక్ష్మి'. 1943లో ఒకసారి తీశారు. 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో మళ్లీ వచ్చింది. అంజలీదేవి, నాగేశ్వరరావు వేశారు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం. కథ మన అహోబిలానిది. పాత కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా. నరసింహస్వామి నల్లమలలో చెంచుపిల్లను పెళ్లాడిన కథ. చెంచులు స్వామిని ఇప్పటికీ తమ ఇంటి అల్లుడనే అంటారు. కనుమ నుంచి మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. ఇంత దగ్గరి కథ. అయినా అందులోని అడవి చాలావరకు మద్రాసు స్టూడియోల అడవే. ఈకలు, పూసలు, పొంగుతున్న పాట. పాట బాగుంటుంది, కాదనను. నల్లమల మాత్రం వినిపించదు.

అసలు నల్లమల ఎట్లా వినిపిస్తుంది? సినిమాలో అడవి అంటే తడి. తీగలు, బురద, పచ్చదనం. మనది పొడి అడవి. మద్ది, టేకు, తునికి. ఎండాకాలం వస్తే ఆకు రాలిపోతుంది. నేలంతా ఎండుటాకు. ఉడత పరుగెత్తినా పెద్ద జంతువు వచ్చినట్టు గలగలమంటుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. అక్కడ పులి ఉంది. కానీ పులి సినిమాలోలాగా ఊరికే గర్జించుకుంటూ తిరగదు. వేట దొరకాలి కదా, చప్పుడు చేస్తే ఎట్లా?

పులి వస్తోందని చెప్పేవాళ్లు వేరే. చుక్కల దుప్పి ఒక్కసారి పదునుగా కూస్తుంది. కణితి గట్టిగా మొరిగినట్టు అరుస్తుంది. చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరుస్తుంది. వీటిలో కణితి మాట అడవివాళ్లు ఎక్కువ నమ్ముతారు. దుప్పి చిన్నదానికీ బెదురుతుంది. కణితి అదేపనిగా అరుస్తోందంటే దగ్గర్లో పులో చిరుతో ఉన్నట్టే. వాచర్లు, చెంచులు ఈ అరుపులు పట్టుకునే నడుస్తారు. చెవితో చూడటం అంటే అదే. మీరు అహోబిలం వెళ్లినప్పుడో, అటవీశాఖ అనుమతించిన దారుల్లో శ్రీశైలం వైపు వెళ్లినప్పుడో, ఒక చోట నిలబడి రెండు నిమిషాలు కళ్లు మూసుకోండి. ఫోన్‌లో పాట ఆపేసి.

కడప జిల్లాకు వస్తే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. కలివికోడి. లంకమల అడవి అంచుల్లో ఉండే పిట్ట. పగలు కనబడదు. రాత్రి ముళ్లపొదల మధ్య నేల మీద పరుగెడుతుంది. థామస్ జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848లో దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పరిసరాల్లో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే, రాత్రిపూట దాన్ని కనిపెట్టి పట్టింది మన స్థానికుడే. లంకమల్లేశ్వర అభయారణ్యం ఆ పిట్ట కోసం వచ్చిందే.

దొరికిందన్న మాటే గానీ మళ్లీ చూడటం కష్టమైంది. కళ్లతో వెతికి లాభం లేకపోయింది. అప్పుడు పరిశోధకులు దాని కూతను రికార్డు చేశారు. చీకటి పడ్డాక పొదల మధ్య నిలబడి ఆ రికార్డు వినిపించారు. బదులు వస్తే అక్కడ పిట్ట ఉన్నట్టు. హాలీవుడ్ వాళ్లు లేని పిట్టను ఉన్నట్టు నమ్మించిన పద్ధతి ఇదే కదా, ఒక రికార్డు, ఒక స్పీకరు. లంకమలలో అదే పద్ధతితో నిజంగా ఉన్న పిట్టను వెతికారు.

హాలీవుడ్ వాళ్లు లంకమల చూస్తే ఇదేం అడవి అనేవాళ్లేమో. తీగ పట్టుకుని ఊగడానికి చెట్టు లేదు. ముళ్లకంప, రాళ్లు, ఎర్రమట్టి. అక్కడక్కడా ఎర్రచందనం.

లంకమల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరైనా ఇప్పుడు వింటుంటే ఒక మాట. కలివికోడి కూత రెండు ముక్కల కూత. అదే మళ్లీ మళ్లీ కూస్తుంది. పొద్దుగూకి బాగా చీకటి పడ్డాక, కొద్దిసేపు మాత్రమే. తీతువు కూత మీకందరికీ తెలుసు, దాంతో పొరపాటు పడకండి. గొర్రెలు తోలుకుని వచ్చేటప్పుడో, చేను దగ్గర కావలి ఉన్నప్పుడో, మీకు తెలియని కొత్త కూత పొదల్లోంచి వినిపిస్తే దాని వెంట లైటు వేసుకుని పరుగెత్తకండి. ఉన్నచోటే నిలబడండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ చోట, ఏ వేళ అన్నది గుర్తు పెట్టుకుని అటవీశాఖ వాళ్లకు చెప్పండి.